బొగ్గు ఊళ్ళో బడి భోజనం

బాపట్ల తిరిగొచ్చి నెల దాటింది. మా బడి స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ నయాగరా చూశావా అని అడుగుతూనే ఉన్నారు. చూడలేదు. సెలవు పెట్టుకుని అంత దూరం వెళ్ళి నేను చూసొచ్చింది ఒక బడి భోజనాల గది. దాని కోసం ఒక ఊరు ఊరంతా ఎలా రెండుగా చీలిందో చెబితే మీకు వింతగా ఉంటుంది. ఆ ఊరి పేరు మాత్రం రాయను. అక్కడి వాళ్ళు ఇంకా రోజూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ బతకాలి.

నేపర్‌విల్‌లో ఆదివారం

మొదట దిగింది షికాగో పక్కన నేపర్‌విల్‌లో, మా వదిన చిన్నాన్న గారింట్లో. మార్చి నెల. మంచు కరిగి రోడ్ల పక్క నల్లగా బురదలా పడి ఉంది. ఆదివారం తెలుగు ఆరాధనకి తీసుకెళ్ళారు. తెల్లవాళ్ళ చర్చిలో కింది అంతస్తు అద్దెకి తీసుకుని మధ్యాహ్నం పూట జరుపుకుంటారు. మన పాటలే, మన రాగాలే, కాకపోతే అందరూ కోట్లు తొడుక్కుని పాడుతున్నారు. తర్వాత భోజనాలు. ఇంటికొక గిన్నె తెచ్చారు. పులిహోర పక్కన కోడికూర, దాని పక్కన ఏదో మాకరోనీ. ఎవరు ఏది తెచ్చారని ఎవరూ చూడలేదు.

నేను ఫలానా డాక్టర్ ప్రభాకరం చెల్లెల్నని తెలియగానే ఒక పెద్దాయన ప్లేటు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"మీ అన్నయ్యకి చెప్పమ్మా. మనం వచ్చింది ప్రాక్టీస్ చేసుకోవడానికి. ఆ స్కూల్ బోర్డులో ఎందుకు కూర్చున్నాడు? వాళ్ళ గొడవలు వాళ్ళకుంటాయి."

ఏం గొడవలని అడిగాను. ఆయన మా వదిన చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న గారు పెరుగన్నం మీదికి వంగిపోయారు. "వెళ్తున్నావుగా, నువ్వే చూస్తావు" అన్నారు.

రైలు పెట్టెలో గోంగూర

షికాగో నుంచి దక్షిణానికి రైలు. అన్నయ్య కోసం అంత దూరం మోసుకొచ్చిన గోంగూర సీసా, సగం దారిలో పైనున్న సంచిలోంచి కారడం మొదలుపెట్టింది. నూనె బొట్టు సరిగ్గా ఎదురు సీటు ముసలావిడ టోపీ మీద పడింది. ఆవిడ టోపీ తీసి, వాసన చూసి, నవ్వింది. "ఏమిటిది, వెనిగర్‌లో ఊరేసిన ఆకుకూరా?" అని అడిగింది. ఇద్దరం కాగితపు రుమాళ్ళతో తుడుస్తూ స్నేహితులమైపోయాం. కాఫీ ఆవిడే కొనిచ్చింది, అర డాలరు. డాలరంటే తొమ్మిది రూపాయల పైమాటే. అయిదు రూపాయల కాఫీ తాగడం నాకదే మొదలు. ఇంతా చేస్తే చప్పగా ఉంది.

నేను టీచర్నని చెప్పాను. మా బడిలో ఏళ్ళ తరబడి మీ దేశం పంపిన గోధుమ రవ్వతో ఉప్మా వండి పిల్లలకి పెట్టేవాళ్ళం, పాలపొడి కలిపి గ్లాసుల్లో పోసేవాళ్ళం అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. "నిజంగా? అది మీ దాకా వచ్చేదా?" అంది. తర్వాత నేను దిగబోయే ఊరి పేరు చెబితే ఆ వెలుగు తగ్గిపోయింది.

"అక్కడ బడి వంటగది మూసేస్తారట కదా" అంది. "నా చెల్లెలి మనవలు ఆ బడే."

అన్నయ్య ఊరు

అన్నయ్య స్టేషన్‌కి వచ్చాడు. పదేళ్ళలో జుట్టు సగం నెరిసింది. దార్లో బొగ్గు గని చూపించాడు. గేటుకి గొలుసు, లోపల తుప్పు పట్టిన పెద్ద చక్రం. కిందటేడు మూసేశారట. మెయిన్ రోడ్డు మీద మూడు కొట్లకి ఒకటి అద్దాలకి చెక్కలు కొట్టి ఉంది.

ఇల్లు చేరేసరికి వాకిట్లో ఉత్తరాల డబ్బా స్తంభంతో సహా నేల మీద పడి ఉంది. అన్నయ్య కారు దిగి దాన్ని పక్కకి జరిపాడు.

"గాలికి పడిందా?" అన్నాను.

"ఆఁ, గాలే" అన్నాడు.

లోపల మా వదిన రత్నం నన్ను వాటేసుకుని, భుజం మీదుగా ఆయన్ని అడిగింది. "మళ్ళీ పడగొట్టారా?"

వదిన ఆ ఊరి ఆసుపత్రిలోనే నర్సు. వాళ్ళ పాప షీలాకి తొమ్మిదేళ్ళు. "అట్టా, నువ్వు నా రూమ్‌లో పడుకో" అంటుంది. అత్తా అనడం రాదు. అన్నం తింటుంటే ఫోన్ మోగింది. వదిన తీసింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఈసారి అన్నయ్య లేచి తీగ ఊడదీశాడు.

సంగతి ఇది. ఆ ఏడాది ప్రభుత్వం బడి భోజనాలకిచ్చే సొమ్ము తగ్గించింది. ఉచితంగా తినే పిల్లలకి పెట్టిన ఆదాయ హద్దు కూడా బిగించింది. బడి వాళ్ళు భోజనం ధర పెంచారు. పెంచగానే కొనే పిల్లలు తగ్గిపోయారు. ఇప్పుడు బోర్డు ముందు రెండు దారులున్నాయి. ఒకటి, వంటగది మూసేసి, ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోండి అనడం. రెండోది, ఇంటి ఆదాయం అడక్కుండా బడిలో ప్రతి పిల్లకీ ఉచితంగా పెట్టడం. రూల్స్‌లో అలాంటి వెసులుబాటు ఉందట. కానీ ప్రభుత్వం ఇవ్వగా తక్కువ పడింది ఊరే భరించాలి. అంటే భూముల మీద పన్ను పెరుగుతుంది.

బోర్డులో ఏడుగురు. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. ఏడోవాడు మా అన్నయ్య. ఎవరో రాజీనామా చేస్తే, డాక్టరు గదా, గొడవ పెట్టుకోడు అని ఈయన్ని కూర్చోబెట్టారు.

"నువ్వెటు?" అన్నాను.

"ఇంకా డిసైడ్ చేసుకోలేదు" అన్నాడు. వదిన గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది.

భోజనాల గది

షీలాతో పాటు బడికి వెళ్ళాను. ఇండియా నుంచి టీచరొచ్చిందని ప్రిన్సిపాల్ మర్యాదగా అంతా తిప్పి చూపించాడు. మధ్యాహ్నం భోజనాల గది. గుంటలు గుంటలుగా ఉన్న పళ్ళెంలో నలుచదరం పిజ్జా ముక్క, మొక్కజొన్న గింజలు, డబ్బాలోంచి తీసిన పీచ్ ముక్కలు, అట్టపెట్టెలో పాలు. ముప్పావు డాలరు. రుచి అడక్కండి. కానీ వేడిగా ఉంది, కడుపు నిండుతుంది.

గుమ్మం దగ్గర టికెట్లు. కొనుక్కున్న వాళ్ళవి తెల్లవి, ఉచితానివి నీలివి. తేడా తెలియకూడదని చట్టమేనట. రంగు వేరుగా ఉంటే ఆఫీసుకి సులువని అలా నడిచిపోతోంది. నీలి టికెట్టు పిల్లలు దాన్ని అరచేతిలో మడిచి పట్టుకుని, లైను చివర్న నిలబడతారు.

"మరి వాళ్ళు?" అన్నాను. గది అవతల, గాజు తలుపు వెనక జిమ్నాజియం అనే ఆటల హాలు మెట్ల మీద ఓ పాతికమంది పిల్లలు ఊరికే కూర్చుని ఉన్నారు.

"వాళ్ళకి ఆకలి లేదట" అన్నాడు ప్రిన్సిపాల్, నా వైపు చూడకుండా.

వాళ్ళు గనిలో పని పోయిన ఇళ్ళ పిల్లలని షీలా తర్వాత చెప్పింది. కొనలేరు. నీలి టికెట్టు ఇంట్లో ఒప్పుకోరు. మా బడి గుర్తొచ్చింది. ఉప్మా వరండాలో వడ్డించేవాళ్ళం. బజారు వీధి పిల్లలు ఇంటికెళ్ళి తినొచ్చేవాళ్ళు. వరండాలో తిన్న పిల్లల్ని వాళ్ళు రవ్వ బ్యాచ్ అనేవాళ్ళు. ఆ పేరు పడ్డాక బాగా ఆకలేసే పిల్లలు కూడా కొందరు గ్లాసు బోర్లించి వెళ్ళిపోయేవాళ్ళు. దేశం మారినా ఆ మొహాలు మారలేదు.

నేను చూస్తుండగానే ఆటల పీరియడ్ గంట కొట్టారు, మెట్ల మీద పిల్లలు లేచారు. పరుగు మొదలైంది. రెండో చుట్టులో సన్నగా, పొడుగు జడ ఉన్న ఒక పిల్ల గోడ పట్టుకుని అలాగే జారి కింద పడిపోయింది. తల నేలకి తగిలిన చప్పుడు గాజు తలుపు ఇవతలకి వినిపించింది.

అన్నయ్యకి కబురు చేశారు. ఆయన వచ్చి కళ్ళు చూశాడు, నాడి చూశాడు, మెల్లగా ఏదో అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాడు. ఈసారి ఏడ్చింది. ఆ పిల్ల పేరు డోనా. అన్నయ్య పాలలో చక్కెర కలిపించి చెంచాతో పట్టించి, లేచి, చుట్టూ పిల్లలంతా మూగి ఉండగానే ప్రిన్సిపాల్‌తో పొడిగా అన్నాడు. "ఏ జబ్బూ లేదు. నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

క్యాట్‌ఫిష్, ఒక హితవు

మర్నాడు అన్నయ్య నన్ను ఊళ్ళో హోటలుకి తీసుకెళ్ళాడు. మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించిన క్యాట్‌ఫిష్. మన వాలుగకి దూరపు చుట్టం. కారం ఒకటే తక్కువ. రెండు ముక్కలు తిన్నామో లేదో, ఒక పెద్దమనిషి టోపీ తీసి పలకరించి, మా బల్ల దగ్గరే కుర్చీ లాక్కున్నాడు. మిస్టర్ హేల్. ధాన్యం గిడ్డంగుల యజమాని, స్కూల్ బోర్డు సభ్యుడు. ఆసుపత్రి ట్రస్టీల పెద్ద కూడా ఆయనే. నాకు ప్రత్యేకంగా ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె, తెప్పించాడు.

"డాక్, మా నాన్న గడ్డుకాలంలో ఏడుగురు పిల్లల్ని పెంచాడు. ఒకరి దగ్గర చెయ్యి చాచలేదు" అన్నాడు. "ఇప్పుడు మీరు నా మనవడికి కూడా ఉచితంగా పెడతామంటున్నారు. వాడికి నాలుగు వందల ఎకరాలున్నాయి. ఆ పన్ను కట్టేది ఎవరు? పాతిక ఎకరాలున్న విధవరాలు. అది న్యాయమా?"

అన్నయ్య ఫోర్కు కింద పెట్టాడు. ఆ మాటలో కొంత నిజం ఉందని ఆయన మొహమే చెబుతోంది.

"ఆలోచిస్తున్నాను" అన్నాడు చివరికి.

"ఆలోచించండి. మీరంటే ఊరికి గౌరవం. జూన్‌లో మీ కాంట్రాక్టు ట్రస్టీల ముందుకొస్తుంది కదా, అప్పుడూ ఇదే గౌరవం ఉండాలని నా కోరిక." నా వైపు తిరిగి, ఆపిల్ పై చల్లారిపోతోంది తినమ్మా అన్నాడు. ఎంతో మర్యాదగా. నేను పళ్ళెం పక్కకి జరిపాను.

ఆ సాయంత్రం వదిన కూర తరుగుతూ తల ఎత్తకుండా మాట్లాడింది. "ఇది మూడో ఊరు ఎస్తేరూ. షీలాకి మూడో బడి. ఈ ఇల్లు కొన్నాకే నేను గోడకి మేకు కొట్టుకున్నాను. ఆయనకి ఆ పిల్లలు కనబడుతున్నారు. నాకు మాత్రం కనబడరా? కానీ నా పిల్ల కూడా ఉంది గదా."

నేను అతిథిని. ఉల్లిపాయలు ఇటు జరుపుకున్నాను.

గుమ్మంలో మనిషి

శుక్రవారం మధ్యాహ్నం. అన్నయ్య భోజనానికి ఇంటికొచ్చాడు. ఒక పాత ట్రక్కు వచ్చి వాకిట్లో గడ్డి మీదికి ఎక్కి ఆగింది. ఎత్తైన మనిషి దిగాడు. తలుపు కొట్టలేదు, గుద్దాడు.

"రేమండ్" అంది వదిన కిటికీలోంచి చూసి. "డోనా నాన్న." ఫోన్ దగ్గరికెళ్ళి చేతిలోకి తీసుకుంది. తీగ ఇంకా ఊడే ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అన్నయ్య తలుపు తీశాడు. ఆ మనిషి గుమ్మం నిండా ఉన్నాడు.

"నా బిడ్డకి తిండి లేదని ఊరందరికీ నువ్వే చెప్పావా?"

"నేను పేరు చెప్పలేదు."

"పేరెందుకు? ఊరెంత? నా భార్య కొట్టుకెళ్తే ఎవరో ఆమె సంచిలో బ్రెడ్డు పడేసి పోయారు. ఆమె ఇంటికొచ్చి తలుపేసుకుంది." తలుపు రెక్క మీద అరచేత్తో చరిచాడు. "గనిలో పద్దెనిమిదేళ్ళు చేశాను. నా పిల్లని నేను సాకలేనా?"

ఒక అడుగు ముందుకేశాడు. అన్నయ్య వెనక్కి తగ్గలేదు. నేను షీలాని నా వెనక్కి లాక్కున్నాను.

"నేను చెప్పింది నిజమే. కానీ చెప్పిన చోటు తప్పు" అన్నాడు అన్నయ్య. "పిల్లలందరి ముందు చెప్పాను. నన్ను క్షమించు."

ఆ మనిషి అది ఊహించలేదు. దెబ్బలాటకి సిద్ధమై వచ్చినవాడు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. నాకేం తోచిందో, బల్ల దగ్గర కుర్చీ చూపించి, భోజనం చేయండి అన్నాను, నా బాపట్ల ఇంగ్లీషులో.

"నేను తినడానికి రాలేదు, అమ్మా" అన్నాడు. కోపంగా కాదు. తర్వాత అన్నయ్యతో, "రేపు బోర్డు మీటింగుకి వస్తాను. దానధర్మాలు మాకొద్దని అందరి ముందూ చెబుతాను" అని వెళ్ళిపోయాడు. గడ్డి మీద చక్రాల గాట్లు మిగిలాయి.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. వదిన వచ్చి ఆయన చేతుల మీద తన చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

శనివారం పొద్దున

జనం పట్టరని మీటింగు జిమ్నాజియంలో పెట్టారు. పిల్లలు కూర్చునే మెట్లన్నీ పెద్దవాళ్ళతో నిండిపోయాయి. ఇటు రైతులు, అటు గని వాళ్ళు, మధ్యలో దారి. నేను చీర మీద వదిన కోటు వేసుకుని చివర్న కూర్చున్నాను. వెనకెవరో "వీళ్ళకేం తెలుసు మన సంగతి" అన్నారు. వదిన తిరిగి చూడలేదు గానీ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

మిస్టర్ హేల్ బాగా మాట్లాడాడు. హోటల్లో చెప్పినవే, ఇంకా పదునుగా. చప్పట్లు మోగాయి. పన్ను కట్టలేక సగం పొలం అమ్ముకున్న ఒక ముసలాయన లేచి, పిల్లలకి పెట్టడం నాకిష్టమే గానీ నా దగ్గర లేదు అని కూర్చున్నాడు. అది విని నాకే మనసు ఊగిసలాడింది.

అప్పుడు రేమండ్ లేచాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"నేను వద్దని చెప్పడానికి వచ్చాను" అన్నాడు. "మాకెవరి దానమూ వద్దు." గని వాళ్ళ వైపు నుంచి కూడా చప్పట్లు. అన్నయ్య తల వంచుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

రేమండ్ కూర్చోలేదు. "ఒక్కటి అడగాలి. మిస్టర్ హేల్, ఇది గెలిస్తే మీ మనవడు ఆ పళ్ళెంలోనే తింటాడా? టికెట్టు లేకుండా, మా డోనా ఉన్న లైన్లోనే?"

హేల్ కాస్త తడబడ్డాడు. "బడి ఏం పెడితే అది తింటాడు. వాణ్ణి మేం అలాగే పెంచాం."

"అయితే అది దానం కాదు" అన్నాడు రేమండ్, తనకే చెప్పుకుంటున్నట్టు. "నా పిల్ల పొద్దున బస్సెక్కుతుంది. మీ మనవడూ అదే బస్సు. దానికి టికెట్టు లేదు. బస్సెక్కినందుకు ఎవరూ ఆమెని జాలిగా చూడరు. ఇదీ అలాగే ఉంటుందంటే, నేను వద్దనను." కూర్చున్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పేర్లు పిలిచి ఓటు అడిగారు. మూడు అవును, మూడు కాదు. చివర్న అన్నయ్య పేరు. పలకడం రాక దాన్ని విరిచి విరిచి పలికారు. ఆయన లేచి వదిన వైపు చూశాడు. వదిన నా చెయ్యి వదిలి, ఆయనకి కనబడేలా నిటారుగా కూర్చుంది. తల ఊపలేదు, నవ్వలేదు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

"ఈ బడిలో ఎవరు ఆకలితో ఉన్నారో నాకు తెలుసు" అన్నాడు అన్నయ్య. "ఇప్పుడు మీకూ తెలుసు. అలా తెలిసిపోవడమే ఆ పిల్లలకి ఆకలికన్నా ఎక్కువ బాధ. ఆ గదిలోకి వెళ్తే ఎవరెవరో నాకు కూడా తెలియకూడదు. అవును."

కేకలు, చప్పట్లు, కుర్చీలు లాగిన మోత, అన్నీ ఒక్కసారే. ఎవరో "జూన్‌లో చూద్దాం డాక్" అని అరిచారు. కారు దాకా నలుగురు గని మనుషులు మా చుట్టూ కాపలాగా నడిచారు. రేమండ్ వాళ్ళలో లేడు.

సెలవుల తర్వాత

ఈస్టర్ లోపలే ట్రస్టీల కబురొచ్చింది. కాంట్రాక్టు పొడిగించరు. హేల్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు, అదే మర్యాదతో. అన్నయ్య, నేను ఊహించిందే అన్నాడు. వదిన ఆ రాత్రి వంట చెయ్యలేదు. మర్నాడు పొద్దున నేపర్‌విల్‌కి, చిన్నాన్న గారికి, తనే ఫోన్ చేసి, అక్కడి ఆసుపత్రుల్లో డాక్టరు పోస్టులేమన్నా ఉన్నాయేమో కనుక్కోమంది. నేను ఇది రాసేనాటికి ఇంకా ఏదీ తేలలేదు.

నా ప్రయాణానికి ముందు రోజు, ఈస్టర్ సెలవులు అయ్యాక బడి తెరిచిన సోమవారం. షీలా నన్ను మళ్ళీ తీసుకెళ్ళింది. గుమ్మం దగ్గర టికెట్ల బల్ల లేదు. జిమ్నాజియం మెట్లు ఖాళీ. లైను మాత్రం వరండా దాకా వచ్చింది. ఇంత మంది వస్తారని వంటగదిలో అనుకోలేదు కాబోలు, వడ్డించేవాళ్ళు చెమటలు కక్కుతున్నారు.

డోనా లైను మధ్యలో ఉంది. ముందు వెనక ఎవరెవరో పిల్లలు. వాళ్ళలో హేల్ మనవడెవరని షీలాని అడిగాను. "ఎవరో మరి, తెలీదు అట్టా" అంది. నేనూ కాసేపు పరీక్షగా చూశాను. తెలియలేదు.

డోనా పళ్ళెం తీసుకుంది. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. కళ్ళనీళ్ళ పర్యంతం అవుతుందనుకున్నానో, ఆబగా తింటుందనుకున్నానో నాకే తెలియదు. ఆ పిల్ల పళ్ళెంలోకి చూసి, మూతి ముప్పై వంకర్లు తిప్పి, గది గదంతా వినబడేలా అరిచింది.

"ఛీ! బఠాణీలా? బఠాణీలు ఎవరు తింటారు?"

పక్క పిల్లలు అవునవునంటూ బల్ల చరిచారు. వడ్డించే ఆవిడ గరిట చూపించి, ముందుకి నడవమని కసిరింది.